రెండు గంటల ఘంటాపథం

అవతారిక

మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు. కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు ఏమన్నారో లోకానికి విప్పి చెప్పిన మహానుభావుడు. టీక రాసేవాడు మూలంలో లేనిపోనివి కల్పించకూడదని ఆయన నియమం పెట్టుకున్నాడు. నేనూ ఆ నియమంతోనే మొదలుపెట్టాను. రెండో పదం దాటేసరికి తప్పాను. దోషం నాది కాదు, చలిది.

మా పరుగుల క్లబ్బులో వాట్సాప్ లెక్కన నలభై మందిమి. రోడ్డు లెక్కన పదకొండు మందిమి. ఆదివారం ఉదయం ఐదింటికి హైదరాబాద్ కేబీఆర్ పార్కు గేటు దగ్గర కలుస్తాం. దీపావళి మర్నాడు మా కెప్టెన్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఈ చలికాలం సీజన్‌లో ఎవరెవరు ఏం సాధించదలచారో రాతపూర్వకంగా చెప్పాలట. ఒకడు ‘పీబీ’ (పర్సనల్ బెస్ట్) అని రెండక్షరాలు పెట్టాడు. ఒకావిడ ‘మోకాలు’ అని ఒక్కమాట రాసి ఊరుకుంది. మా తెలుగు మాష్టారు, రిటైరై పదేళ్లయినా బెత్తం దించని మనిషి, ఒక ఆటవెలది పంపారు. దానికి ముప్పై ఒక్క బొటనవేళ్లు లేచాయి, నాలుగు జతల చేతులు జోడయ్యాయి. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒక్కడే నిజాయితీగా అడిగాడు: “అర్థం ఏంటి సార్?”

ఆ ప్రశ్నకు జవాబే ఈ టీక. దీనికో పేరు కావాలి గదా. మల్లినాథుడు కాళిదాసు కావ్యాల టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. మా సంజీవని ఓఆర్‌ఎస్ పొట్లంలో దొరుకుతుంది కాబట్టి ఆ పేరు వదిలేశాను. కిరాతార్జునీయం టీకకు ఆయన ఘంటాపథం అన్నాడు. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం అని అర్థం. మాకూ కావలసింది దారే, మాకూ సమస్య గంటలే, నడకలో మాలో కొందరు ఏనుగులే. అందుకని ఆ పేరు అరువు తెచ్చుకున్నాను.

మూలం

ఆ. చలియు వచ్చె నింక జాగేల సోదరా
కలలు మాని గేటు కడకు రమ్ము
రెండు గంటలందె రేసు ముగియవలె
కాలు నొచ్చెనన్న కథలు వలదు

ప్రతిపదార్థం

సోదరా = ఓ తోబుట్టువా (నలభై మందిలో ప్రతివాడూ ‘నన్ను కాదులే’ అనుకోవడానికి వీలైన ఏకవచనం); చలియు = చలి కూడా; వచ్చెన్ = వచ్చింది; ఇంక = ఇకమీద; జాగు + ఏల = ఆలస్యం ఎందుకు; కలలు = నిద్రలో వచ్చేవి; మాని = విడిచిపెట్టి; గేటు కడకు = గేటు దగ్గరకు; రమ్ము = రా; రెండు గంటలందె = రెండు గంటల లోపలే; రేసు = పందెం, ఇక్కడ హాఫ్ మారథాన్; ముగియవలె = ముగియాలి; కాలు నొచ్చెను అన్న = కాలు నొప్పి పుట్టిందనే; కథలు = కల్పిత వృత్తాంతాలు; వలదు = వద్దు.

ఇంతవరకు గైడు పుస్తకం. ఇకమీద వ్యాఖ్యానం.

చలియు

‘యు’ అన్నది సముచ్చయం. చలి ‘కూడా’ వచ్చిందన్నారంటే అంతకుముందే మరికొన్ని వచ్చాయని కవి హృదయం. ఏమిటవి? ముంబయి రేసుకు కట్టిన డబ్బుకు రసీదు వచ్చింది. కార్తీక, మార్గశిరాల ముహూర్తాలకు శుభలేఖలు వచ్చాయి. శనివారం రాత్రి పదకొండున్నరకు పెళ్లి భోజనంలో గుత్తివంకాయ, ఆదివారం ఐదింటికి పద్దెనిమిది కిలోమీటర్ల లాంగ్ రన్. ఆ వంకాయ పన్నెండో కిలోమీటరు దగ్గర మళ్లీ పలకరిస్తుంది.

పరుగువాడికి చలి మీద ఇంత మోజెందుకు? కండరం ఖర్చుపెట్టే శక్తిలో పరుగుగా మారేది సుమారు నాలుగోవంతు. మిగతాదంతా వేడే. ఆ వేడిని చర్మం దాకా మోసుకొచ్చి బయట పారబోయాల్సింది రక్తం. కాళ్లకు ప్రాణవాయువు అందించాల్సిందీ అదే రక్తం. ఎండాకాలంలో గుండె పరిస్థితి పెళ్లింట్లో ఒంటరి వంటమనిషి పరిస్థితి: ఇటు మగపెళ్లివారు పిలుస్తారు, అటు ఆడపెళ్లివారు పిలుస్తారు. పోనీ చెమట పడుతుంది గదా అంటే, పడితే చాలదు, ఆరాలి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ రోజున గాలి నిండా తేమ. ఒంటిమీది చెమట ఆరదు, కారుతుంది. ఆ తడి బనీనుతో ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ ఎక్కి గచ్చిబౌలి స్టేడియం చేరినవాడికి డిసెంబరు తెల్లవారుజామున పద్నాలుగు డిగ్రీలంటే మేనమామ ఇల్లు. కష్టం అంతే పడతాడు, వాచీ మాత్రం కాస్త దయ చూపిస్తుంది. మా ఆశలన్నిటికీ పునాది ఈ దయే.

పూర్వపక్షం: చలి అంత మంచిదైతే గొంతులో మంట ఎందుకు?
సమాధానం: చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, దుమ్ము ఆ మూత కింద చిక్కుకుంటాయి. కవి చలిని మాత్రమే చెప్పి పొగను మింగేశాడు. మేమూ మింగుతున్నాం.

జాగేల

జాగు + ఏల = జాగేల. ఉత్వ సంధి. ఇది పెద్దల మాట.

సాఫ్ట్‌వేర్ కుర్రాడు దీన్ని జాగ్ + ఏల అని విడదీశాడు. ‘జాగింగ్ ఎందుకు, పరిగెత్తు’ అని అర్థం చెప్పాడు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా మా క్లబ్బులో ఈ అర్థానికే బలం ఎక్కువ. ఎందుకంటే పార్కు చుట్టూ చేతులు ఊపుకుంటూ వెళ్లేవాళ్లను చూసి “వాళ్లు జాగర్లు, మనం రన్నర్లం” అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం పక్కనుంచి ఎవరో అరవై ఏళ్ల జాగరు దాటి వెళ్లేదాకా ఉంటుంది.

సోదరా

ఈ సంబోధన మీద క్లబ్బు మహిళలు అభ్యంతరం తెలిపారు. పదకొండు మందిలో ఐదుగురు వాళ్లే. పైగా కార్తీకమంతా తెల్లవారుజామునే లేచి, దీపం పెట్టి, ఇంట్లో అందరికీ టిఫిన్ సర్ది, ఐదింటికి ముందే గేటు దగ్గర నిలబడేదీ వాళ్లే. జాగు చేసేది సోదరులు గనక, చీవాట్లు సోదరులకే తగునని మాష్టారు మొదట సమర్థించుకోబోయారు. ఆ సమర్థన నిలవలేదు. ఇప్పుడు ‘సోదరీ’ అన్నది అంగీకృత పాఠాంతరం. సోదరా, సోదరీ రెండూ ర గణమే గనక ఛందస్సుకు ఏ లోటూ లేదు. సమానత్వానికి ఛందస్సు అడ్డురాని సందర్భం ఇదొకటి దొరికింది.

కలలు మాని

ఇక్కడ పూర్వాపర విరోధం ఉంది. రెండో పాదంలో కలలు మానమన్నాడు. మూడో పాదంలో రెండు గంటల్లో రేసు ముగించాలన్నాడు. మాలో పదకొండు మందికి పదిమంది రెండు గంటలకు ఆవలివాళ్లమే. నేను ఆగస్టులో రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. అంతకంటే పెద్ద కల ఏముంది? ఒక చేత్తో మాన్పించి రెండో చేత్తో వడ్డించడం న్యాయమా?

దీనికి పరిహారం ఇది. కలలు రెండు రకాలు. దుప్పటి కింద వచ్చేవి మొదటి రకం. వాటిలో అందరం రెండు గంటల్లోనే ముగిస్తాం, చెమట పట్టదు, ఫొటో కూడా బాగా వస్తుంది. గేటు దగ్గర వణుకుతూ నిలబడ్డప్పుడు వచ్చేవి రెండో రకం. మొదటి రకం మానితే గాని రెండో రకం దొరకదు. కవి మాన్పించింది మొదటివాటిని, వడ్డించింది రెండోవాటిని. కాబట్టి విరోధం పైకి కనిపించేదే, లోపల లేదు. అలంకారశాస్త్రంలో దీన్ని విరోధాభాసం అంటారు. ఇంట్లో దీన్ని “నాలుగింటికి అలారం నీకు, మెలకువ నాకు” అంటారు.

గేటు కడకు

కవి ఏ గేటో చెప్పలేదు. కేబీఆర్ పార్కుకు ఒక్క గేటే ఉంటే ఈ దోషం దోషం కాకపోను. సీజన్ మొదటి ఆదివారం సగం మందిమి ఒక గేటు దగ్గర, మిగతా సగం ఇంకో గేటు దగ్గర నిలబడి, ఒకరినొకరు “ఇంకా లేవలేదేమో” అని జాలిపడ్డాం. లోపల చెట్లలో నెమలి అరుస్తోంది. ఇటు మేము ఐదుగురం, అటు వాళ్లు ఆరుగురు. తీరా ఫోన్లు కలిశాక రెండు దండులూ ఒకరికొకరు ఎదురు వెళ్దామనుకున్నాయి. ఇద్దరూ ఎడమచేతి వైపే బయలుదేరారు గనక పార్కు చుట్టూ ఒకరినొకరు తరుముకున్నారు తప్ప కలుసుకోలేదు. ఆ రోజు అందరం అనుకున్నదానికంటే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పరిగెత్తాం. అస్పష్టమైన కవిత్వం వల్ల వ్యాయామం జరిగిన ఉదాహరణ ఇది.

‘కడ’ అనే మాట మీద ఇంకా ఉంది. కడ అంటే దగ్గర. కడ అంటే చివర కూడా. ‘కడకు’ అంటే చిట్టచివరికి, ఎట్టకేలకు. కనుక ‘గేటు కడకు రమ్ము’ అన్నదాన్ని ‘గేటుకి, ఎట్టకేలకైనా, రా’ అని కూడా చెప్పుకోవచ్చు. ఈ రెండో అర్థాన్ని క్లబ్బు గ్రూపులో పెట్టినప్పుడు నెమ్మదిగా పరిగెత్తేవాళ్లంతా హర్షించారు. కెప్టెన్ మాత్రం, “ఇది ఆలస్యంగా వచ్చేవాళ్లు కనిపెట్టిన అర్థం” అన్నాడు. నిజమే, నేనే కనిపెట్టాను.

రెండు గంటలందె

పద్యానికి గుండెకాయ ఇది.

ముందుగా ఒక అపార్థాన్ని తోసిపుచ్చాలి. క్లబ్బులో కొత్తగా చేరిన ఒకాయన దీన్ని ‘రాత్రి రెండు గంటలకే’ అని చదువుకుని, రెండింటికి అలారం పెట్టుకున్నాడు. అది తప్పు అర్థమే అయినా అబద్ధం కాదు. పెద్ద రేసు రోజున నాలుగింటికి బారికేడ్ల దగ్గర ఉండాలంటే రెండింటికే లేవాలి, ఆ వేళలో కడుపును బతిమాలుకోవాలి. పొరుగూరి హోటల్ గదిలో, కెటిల్‌లో కాచిన నీళ్లతో ఓట్స్ కలుపుకుని తినేవాడికి వైరాగ్యం దానంతటదే వస్తుంది.

అసలు అర్థానికొస్తే, హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ 42.195 గనక అందులో సగం. ఈ బేసి అంకె 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టింది. విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు దాకా ఎంత వస్తే అంత. 1921లో దాన్నే ప్రమాణంగా ఖాయం చేశారు. ఎక్కడో ఎవరో రాణీగారు సుఖంగా కూర్చుని చూడాలనుకుంటే నూరేళ్ల తర్వాత మనం చివరి తొంభై ఏడున్నర మీటర్లు పళ్లు బిగించి పరిగెత్తుతున్నాం.

రెండు గంటల లోపు కావాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. నలభై రెండో సెకను పడితే పద్యం చెడింది. అదైనా దారి మీద కొలిచిన గీత వెంటే నడిస్తేనే. రేసు దారిని కొలిచేవాళ్లు సైకిలు మీద, మలుపు మలుపుకూ అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పైగా దారి పొరపాటున కూడా తక్కువ రాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. మనం నీళ్ల బల్ల కోసం ఎడమకు పోతాం, ఫొటోగ్రాఫర్ కోసం కుడికి పోతాం. చివరికి చేతి వాచీ 21.3 చూపిస్తుంది. అంటే వాచీ లెక్కన 5:38 పరిగెత్తితే గాని గోడమీది గడియారం రెండు గంటల్లోపు ఒప్పుకోదు. నా ఆగస్టు లెక్క కిలోమీటరుకు ఆరు నిమిషాల యాభై సెకన్లు. తేడా నిమిషం పైచిలుకు. ఆ నిమిషాన్ని ఇరవయ్యొక్క చోట్ల వెతకాలి.

ఇదే మాట వేరే లోకంలో వేరే అర్థమిస్తుంది. కెన్యా వీరుడు కిప్టుమ్ 2023 అక్టోబరులో షికాగోలో రెండు గంటల ముప్పై అయిదు సెకన్లలో ముగించినది పూర్తి మారథాన్. అంతకుముందు 2019లో వియన్నాలో కిప్‌చోగే అదే దూరాన్ని 1:59:40లో పరిగెత్తాడు. ముందు గాలి కోసే తోడుగాళ్లను మార్చి మార్చి పెట్టడం వల్ల దాన్ని రికార్డుగా లెక్కించలేదు. వాళ్ల రెండు గంటలూ, మా రెండు గంటలూ శబ్దంలో ఒకటే, దూరంలో రెండింతలు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణానికీ భారతానికీ సరిపోతుందే, అలాగన్నమాట. ఈ ఆటవెలదీ ద్వ్యర్థి కావ్యమే. ఒక అర్థంలో నాయకుడు కిప్‌చోగే. రెండో అర్థంలో నాయకుడు మా క్లబ్బులోని బ్యాంకు బాబాయి గారు.

రేసు ముగియవలె

‘ముగించవలె’ అనలేదు, ‘ముగియవలె’ అన్నారు. ముగియు అకర్మక ధాతువు. అంటే రెండు గంటల్లో రేసు తనంతట తాను ముగియాలి. ఎవరు ముగించాలో చెప్పలేదు. ముందు వరసవాళ్లు గంట చిల్లరలో ముగించేస్తారు. ఆ లెక్కన రేసు ముగిసినట్టే, కవి వాక్కు నెరవేరినట్టే. మిగతావాళ్లం వెనకనుంచి నిదానంగా రావడానికి వ్యాకరణం అనుమతిస్తోంది. ఈ మర్మం కెప్టెన్‌కు చెప్పవలదు.

ఏ రేసు? విశాఖ సముద్రపు ఒడ్డున నేవీ మారథాన్‌కు ఇద్దరు వెళ్తున్నారు. డిసెంబరులో కోల్‌కతా పాతిక కిలోమీటర్లకు ఒకావిడ వెళ్తోంది. మిగతా అందరి చూపూ ముంబయి మీద. ఆ రేసు 2004లో మొదలైంది, జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. ఆ తేదీని నిర్ణయించినవాళ్లకు తెలుగువాళ్ల మీద కక్ష ఉందని మా అనుమానం. మూడో ఆదివారం అంటే సంక్రాంతి వెళ్లగానే. రేసుకు ముందు రెండు వారాలు పరుగు తగ్గించి ఒళ్లు తేలిక చేసుకోవాలని శాస్త్రం, దాన్ని టేపరింగ్ అంటారు. చివరి రెండు మూడు రోజులు పిండిపదార్థం దండిగా తినాలని ఇంకో శాస్త్రం. పరుగు తక్కువ, తిండి ఎక్కువ: అమ్మమ్మ ఇంటికి వెళ్లిన మనవడికి కొత్తగా నేర్పాల్సిన శాస్త్రమా ఇది? బియ్యప్పిండి, బెల్లం కలిసిన అరిసె కంటే మించిన కార్బో లోడింగ్ ఎక్కడుంది? వరంగల్ వాళ్లయితే అరిసెకు బదులు సకినమంటారు. చిక్కంతా అది వేగిన నూనెతోనే. ఏడో సకినం దగ్గర ఆగినవాడు సీ లింక్ వంతెన మీద తేలిపోతాడు. పదిహేడో సకినం దాకా వెళ్లినవాడికి ఆ తర్వాత వచ్చే పెద్దార్ రోడ్డు ఎక్కుడు దగ్గర లెక్క తేలుతుంది.

కాలు నొచ్చెనన్న కథలు వలదు

ఇక్కడ మూలకారుడితో టీకాకారుడు విభేదిస్తున్నాడు.

చలికాలం రాగానే ఊపిరి కుదురుతుంది, గుండె కుదురుతుంది. కొన్ని వారాల్లోనే అవి బలపడతాయి. ఎముకలు, స్నాయువులు అంత తొందరగా మాట వినవు, వాటికి నెలలు పడుతుంది. గుండె “పద పద” అంటుంది, పిక్క ఎముక “ఆగు ఆగు” అంటుంది. వారానికి ఇరవై కిలోమీటర్ల నుంచి ఒక్కసారి నలభైకి దూకినవాడు గుండె మాట విన్నవాడు. అలాంటివాళ్లను జనవరిలో ఫిజియో దగ్గర చూడొచ్చు. ఒళ్లు వేడెక్కగానే సర్దుకునే నొప్పి కథే కావచ్చు. అడుగడుక్కీ పెరిగే నొప్పి, ఎముక మీద వేలు పెడితే ఒక్కచోటే చురుక్కుమనే నొప్పి కథ కాదు, వార్త. దాన్ని వినాలి.

మా క్లబ్బులో ఐటీ ఉద్యోగులు నలుగురు. నలుగురికీ మోకాలి పక్కన ఐటీ బ్యాండ్ అనే పట్టీయే నొచ్చింది. కెప్టెన్ దీన్ని నమ్మలేదు. “కంపెనీ మీద బెంగ కాలి మీదికి దిగిందిరా” అన్నాడు.

జోళ్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. అడుగున కార్బన్ రేకు పెట్టిన జోళ్లు వచ్చాక ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో రోడ్డు జోళ్ల మడమ ఎత్తు 40 మిల్లీమీటర్లు దాటకూడదని గిరి గీసింది. మా కుర్రాడు ఇరవై వేలు పోసి ఒక జత కొని, రేసుకని అట్టపెట్టెలోనే దాచాడు. వారానికోసారి తీసి వాసన చూసి మళ్లీ పెడతాడు. ఇంకో పక్క మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు అయ్యప్ప మాల వేశాడు. నల్లబట్టలు, నలభై ఒక్క రోజుల దీక్ష, కాళ్లకు చెప్పుల్లేవు. నాలుగింటికి చన్నీళ్ల స్నానం చేసి, పూజ చేసుకుని, అందరికంటే ముందే గేటు దగ్గర ఉంటాడు. ఒట్టికాళ్లతో ఎనిమిది కిలోమీటర్లు చులాగ్గా పరిగెత్తేస్తాడు. అడిగితే “స్వామి చూసుకుంటాడన్నా” అంటాడు. మాష్టారు మాత్రం చరిత్ర చెబుతారు: ఇథియోపియా అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్ గెలిచింది ఒట్టికాళ్లతోనే. మన శివనాథ్ సింగ్ కూడా తరచూ ఒట్టికాళ్లతోనే పరిగెత్తేవాడు. 1978లో జలంధర్‌లో ఆయన పరిగెత్తిన 2:12:00 నలభై ఏళ్లు దాటేదాకా మనవాళ్లెవరికీ అందలేదు. ఇది విన్నప్పుడల్లా కుర్రాడు అట్టపెట్టె మూత వేసేస్తాడు.

‘కథలు వలదు’ అన్నదానిలో ఇంకొక చిక్కుంది. శిక్షణలో ఎక్కువ భాగం తేలిక పరుగే ఉండాలంటారు. తేలిక పరుగుకు గుర్తేమిటి? పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలగాలి. అంటే కథలు చెప్పగలిగే వేగమే సరైన వేగం. కథలు వద్దంటే శిక్షణే వద్దన్నట్టు. పైగా పరుగయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ దగ్గర జరిగే సభలో కథలు తప్ప ఏముంటాయి? కనుక ఈ నిషేధం మంగళవారం వేగపు పరుగుకు మాత్రమే వర్తిస్తుందని సమన్వయం చేసుకోవాలి. ఆ రోజు ఎలాగూ ఎవరికీ మాట రాదు.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. కెప్టెన్ మంగళవారాల్లో ఒక నిమిషం ఉరికించి ఒక నిమిషం నడిపించే ఇంటర్వెల్ శిక్షణ అచ్చం ఇదే. మనవాళ్లు దాన్ని ఎప్పుడో కనిపెట్టి కాలితో కాకుండా నోటితో చేశారు. పద్యానికి నాలుగు పాదాలు, నాలుగూ కుదురుగా ఉన్నాయి. మాకు తలా రెండు పాదాలే. వాటిలో ఒకటి ఎప్పుడూ ఐసుముక్క కింద ఉంటుంది.

యతి: చ–జా, క–క, రె–రే, కా–క. అన్నీ కుదిరాయి.

పాఠాంతరం

యతి దగ్గర నేను ఒక గొప్ప సంగతి కనిపెట్టాననుకున్నాను. బ్యాంకు బాబాయి గారు మూడు గంటలవారు. ‘రెండు గంటలందె’ బదులు ‘మూడు గంటలందె’ అని మార్చమని ఆయన కోరారు. ‘కుదరదండీ’ అని నేను శాస్త్రం చెప్పాను. మూ–రే యతి చెల్లదు. రేసు అన్న మాట ఉన్నంతకాలం పాదం రెండుతోనే మొదలవ్వాలి. కాబట్టి మన క్లబ్బు లక్ష్యం రెండు గంటలు కావడానికి కారణం మన ఊపిరితిత్తులు కావు, అక్షర మైత్రి. బాబాయి గారికి దిగులు తగ్గింది. తమ నెమ్మది శరీర దోషం కాదని, యతి భంగమని తెలిస్తే ఎవరికైనా తగ్గుతుంది.

ఈ సిద్ధాంతాన్ని గర్వంగా మాష్టారికి వినిపించాను. అప్పుడు జోళ్ల తాళ్లు కట్టుకుంటున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. వంగాలంటే ముందు మెట్టు మీద కూర్చోవాలి, ఒక కాలు రెండో కాలి మీద వేసుకోవాలి. ముడి బిగిస్తూనే తల ఎత్తకుండా అన్నారు:

“మూడు గంటలందె ముగియవలెను రేసు. చూసుకో.”

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మూడు, గంట, లందె: మూడు సూర్యగణాలు. ముగియవ: నలము. లెను రేసు: సలము. మూ–ము: యతి. పాదం నిగనిగలాడుతోంది. నా సిద్ధాంతం ఆ మెట్టు మీదే కన్నుమూసింది.

“మరి ముందే అలా రాయొచ్చు కదా మాష్టారూ? మీరూ మూడు గంటలవారే కదా.”

రెండో ముడి వేశారు. గట్టిగా ఉందో లేదో లాగి చూశారు.

“మూడు నాకు వచ్చురా. వచ్చినదాని మీద పద్యమెందుకు?”

కిలోమీటరుకు 8:31 పరిగెత్తే మనిషి 5:41 మీద పద్యం రాశాడు. యతి కోసం రాయలేదు, తెలియక రాయలేదు. ఈ టీక అంతా రాశాక నాకు తెలిసిందేమిటంటే, మూలం మీద టీక అవసరం లేని చోటు అదొక్కటే.

తాత్పర్యం

“తోబుట్టువులారా! చలి వచ్చింది. దాని వెంట పెళ్లిళ్లు, పొగమంచు, సకినాలు కూడా వచ్చాయి. వాటన్నిటినీ దాటుకుని గేటుకు రండి. రెండు గంటలన్నది మనకు రాకపోవచ్చు. అందుకే అది పద్యంలో ఉంది. గేటు దగ్గరకు రావడం మనకు వచ్చు. అందుకే అది ఆజ్ఞార్థకంలో ఉంది. నొప్పి నిజమైతే చెప్పండి, కథ అయితే చాయ్ దగ్గర చెప్పండి” అని భావం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నాలుగింటి అలారంతో పాటు పఠించినవారికి ఏం ఫలం కలుగుతుందో జనవరిలో గాని తెలియదు. నవంబరు రెండో ఆదివారం కలిగిన ఫలం మాత్రం చెప్పగలను.

ఆ రోజు పదహారు కిలోమీటర్ల పరుగు. మొదటివాళ్లు వచ్చేశారు, మధ్యవాళ్లు వచ్చేశారు, నేను వచ్చేశాను. ఎండ చెట్ల మీదికి దిగింది. కెప్టెన్ తలలు లెక్కపెట్టాడు. పది. పదకొండోది రావాలి. ఎవరూ చాయ్‌కి కదల్లేదు. ఐసుముక్క ఒకరి మోకాలి నుంచి ఇంకొకరి మోకాలికి మారింది. ఇరవై నిమిషాలకు మలుపు దగ్గర తెల్లటోపీ కనిపించింది. పరుగు కాదు, నడక కాదు, మధ్యలో ఏదో. మాష్టారు చేతులు కిందికి వేలాడేసుకుని, నోరు తెరిచి వస్తున్నారు. వాచీ మీద వేలు ఉంది గాని దాన్ని నొక్కే ఓపిక ఉన్నట్టు లేదు.

‘అర్థం ఏంటి సార్’ అని అడిగిన కుర్రాడు ఎదురెళ్లాడు. ఓఆర్‌ఎస్ సీసా మూత తిప్పి చేతికిచ్చాడు.

“కడకు వచ్చారు సార్” అన్నాడు.

మూలకారుడికి మాట రాలేదు. టీకాకారుడికి ఇక పని లేదు.